శాంత పడవలో లారీ ఫ్యాను

1982వ సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన కొత్త. నర్సీపట్నం బస్టాండు దాటి చింతపల్లి రోడ్డు ఎక్కుతుంటే ఎడమ పక్క రేకుల షెడ్డులో మా బ్యాటరీ ఛార్జింగ్ షాపు ఉండేది. మావారు పెట్టిన షాపు. ఆయన పోయాక అమ్మెయ్యమన్నవాళ్ళే గాని నడుపుకోమన్నవాళ్ళు లేరు. నేను మూడో తరగతి వరకే చదివాను. అంకెలు చదవడం, కూడటం వచ్చు. ఆ పనికి అంతకన్నా అక్కర్లేకపోయింది. ఏజెన్సీ కొండలెక్కే జీపులు, కలప లారీలు, ట్రాక్టర్లు, పెళ్ళిళ్ళకి మైకుసెట్లు అద్దెకిచ్చేవాళ్ళు, అందరి బ్యాటరీలూ మా దగ్గరికే వచ్చేవి.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. బ్యాటరీ అంటే నల్లటి పెట్టెలో ఆరు గదులు. ఒక్కో గదిని సెల్ అంటాం. ఒక్కోటీ రెండు వోల్టులు, ఆరూ కలిస్తే పన్నెండు. లోపల సీసపు పలకలు, వాటి చుట్టూ యాసిడ్ నీళ్ళు. ఆ నీళ్ళు చిక్కగా ఉంటే బ్యాటరీ నిండినట్టు, పలచబడితే ఖాళీ అయినట్టు. చిక్కదనం చూడటానికి హైడ్రోమీటర్ అనే గాజు గొట్టం ఉంటుంది. పైనున్న రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ లోపలికి వస్తుంది. అందులో తేలే బెండు ఏ అంకె దగ్గర ఆగిందో చూసుకోవాలి. బ్యాటరీ మంచిదా కాదా అన్నదాని మీద డ్రైవర్లు గంటసేపు వాదించేవారు. నేను ఆ బెండు మాటే వినేదాన్ని.

మా వీధి చివర లెక్కల మేష్టారి ఇల్లు. ఆయన రెండో కూతురు శాంత. పెళ్ళయి విశాఖపట్నం వెళ్ళింది. భర్త విశ్వనాథంగారు చాలా ఏళ్ళు ఓడల మీద పనిచేసి, అది మానేసి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక తెరచాప పడవ కట్టించుకున్నారు. చేపల పడవ కాదు. చెక్కతో కట్టిన పెద్ద పడవ. లోపల పడుకోవడానికి బల్లలు, ఓ మూల వంటగది, నిలబడటానికి చోటు. గాలి లేనప్పుడు నడపడానికి వెనక చిన్న ఇంజను, అది నడిస్తేనే బ్యాటరీ నిండేది. పిల్లలు లేరు. మొగుడూ పెళ్ళాలు అందులోనే కాపురం పెట్టారు. ఇల్లు కట్టుకోవలసిన డబ్బు నీళ్ళలో పోశారని మా వీధివాళ్ళు అనుకున్నారు. నేనూ అనుకున్నాను, పైకి అనలేదు.

ఆ పడవని పాయకరావుపేట దిగువన తాండవ నది సముద్రంలో కలిసే చోట లంగరు వేసుకుని, చిన్నా చితకా పనులు చేయించుకుంటున్నారు. అక్కడి నుంచి అండమాన్ వెళ్ళాలని వాళ్ళ ఆలోచన. ఉగాది దాటితే గాలి తిరిగిపోతుందట. ఈలోగానే బయల్దేరాలి.

పడవలో బ్యాటరీ నేను ఇచ్చిందే. కొత్త పలకలు వేయించి, చూసి మరీ ఇచ్చాను. అది శాంతతోపాటు రిక్షాలో తిరిగొచ్చింది.

"పిన్నిగారూ, మళ్ళీ పడుకుందండీ."

"మొన్ననే కదే నింపి పంపేను! దాంతో ఏటి సేస్తన్నారు, పడవలో సినిమా ఆడిస్తన్నారా?"

"సినిమా కాదు, నాటకం కూడా కాదు. రెండు లైట్లు, అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు, మీ సన్నిబాబు బిగించిన ఫ్యాను. అంతే. ఆయనేమో మీ బ్యాటరీలోనే లోపం ఉందంటున్నారు."

"అలాగా? ఆ ముక్క నా ఎదురుగా వచ్చి అనమను."

సన్నిబాబు మా షాపు మెకానిక్కు. కోటవురట్ల వైపు మనిషి. మావారి దగ్గర పని నేర్చుకున్నాడు. లారీకి మొత్తం వైరింగు కళ్ళు మూసుకుని వేసేవాడు. నెల కిందట విశ్వనాథంగారు పని మీద విశాఖపట్నం వెళ్ళినప్పుడు, పడవ లోపల ఉక్కపోస్తోందని శాంత అడిగితే, లారీ క్యాబిన్లలో పెట్టే చిన్న ఫ్యాను ఒకటి ఇచ్చి నేనే అతన్ని పంపాను. బిగించి వచ్చాడు. ఫ్యాను బాగా తిరుగుతోందని శాంత సంతోషపడింది.

బ్యాటరీని మళ్ళీ ఛార్జింగుకి పెట్టాను. అది షాపులో ఉన్నన్నాళ్ళూ పడవలో వాడుకోమని మా పాత అద్దె బ్యాటరీ ఒకటి ఇచ్చాను. నిండాక ఆరు సెల్సూ చూశాను. బెండు అన్నిట్లోనూ ఒకే అంకె మీద నిలబడింది. సెల్ టెస్టర్ అని రెండు ముళ్ళ పనిముట్టు ఉంటుంది. సెల్ మీద గుచ్చి పట్టుకుంటే దాని బలమంతా ఒక్కసారి లాగుతుంది. జబ్బు సెల్ అయితే అక్కడే చతికిలబడుతుంది. ఇందులో ఒక్కటీ పడలేదు. పైగా రెండు రోజులు ఊరికే పక్కన పెట్టి చూశాను. చుక్క తగ్గలేదు. అయినా పడవలోకి వెళ్ళిన మూడో రోజుకి మళ్ళీ ఖాళీ అయి వచ్చింది. ఈసారి విశ్వనాథంగారు కూడా వచ్చారు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఇది ఛార్జి నిలుపుకోవడం లేదు."

"నా దగ్గర నిలుపుకుంటోంది బాబూ. మీ దగ్గరే నిలుపుకోవడం లేదు."

ఆయన నవ్వారు గాని నమ్మలేదు. ఎదురుగా టీ కొట్టుకి వెళ్ళారు. శాంత మాత్రం బల్ల మీదే కూర్చుని, చీర అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది.

"పిన్నీ, నాకు ఈత రాదు," అంది ఉన్నట్టుండి.

నేను పని ఆపాను.

"ఆయనకి గాలి తెలుసు, చుక్కలు తెలుసు. ఈ బ్యాటరీ సంగతే ఆయనకీ పాలుపోవడం లేదు. భూమి కనపడని చోట అన్ని రోజులుండాలి. రాత్రిళ్ళు పెద్ద ఓడలొస్తాయట, మన దీపం వెలక్కపోతే మన మీద నుంచే వెళ్ళిపోతాయట. పంపు తిరక్కపోతే పడవలో నీళ్ళు చేరతాయి. నాన్నని అడిగితే నీ ఇష్టం అంటారు. మీరు చెప్పండి. ఈ బ్యాటరీని నమ్మి వెళ్ళమంటే వెళ్తాను. వద్దంటే ఆయన్ని ఒక్కరినే పంపించి ఇక్కడ ఉండిపోతాను."

అన్నేళ్ళలో నన్ను అలా అడిగినవాళ్ళు లేరు. బ్యాటరీ చచ్చిపోతే లారీ రోడ్డు పక్కన ఆగుతుంది. డ్రైవరు బీడీ కాల్చుకుంటూ ఇంకో లారీ కోసం చూస్తాడు. మా పనిలో అంతకన్నా పెద్ద నష్టం నేను ఊహించలేదు. ఈ పిల్ల తన ప్రాణం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"బ్యాటరీ మంచిదే," అన్నాను. "కానీ నా మంచి బ్యాటరీని మీ పడవలో ఏదో తాగేస్తంది. అదేటో సూడకుండా మాటివ్వను. రేపు వస్తాను."

మర్నాడు నేను, సన్నిబాబు బస్సు పైన బ్యాటరీ వేసుకుని పాయకరావుపేట వెళ్ళాం. అక్కడి నుంచి ఒంటెద్దు బండి మీద ఏటి ఒడ్డుకి. శాంత పడవ ఏరు మధ్యలో లంగరు మీద ఉంది. నూకరాజు అనే చేపలాయన తన చిన్న నావలో మమ్మల్ని దాని దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏటమ్మా, పురిటికి పిల్లని తీసుకెల్తన్నట్టు ఒళ్ళో బ్యాటరీ ఎట్టుకు కూకున్నావు?"

"ఒలికితే నీ నావకి సిల్లు పడతాది. నోరు మూసుకుని తెడ్డెయ్యి."

"నా నావకేటవదు గాని, ఆ బాబుగోరి పడవకే ఏదో రోగం పట్టిందమ్మా. పగలనకా రేతిరనకా పక్కలోంచి నీల్లు కక్కుతానే ఉంటది. ముందు ఇలా లేదు. ఈ మద్దెనే."

ఆ మాట నా చెవిలో పడింది. పడవ దగ్గరికి చేరేసరికి నిజంగానే దాని పక్కనున్న సన్నటి గొట్టంలోంచి నీళ్ళు బుడబుడమని పడి ఆగాయి.

లోపలికి దిగాం. సన్నిబాబు అద్దె బ్యాటరీ తీసి నూకరాజు నావలోకి దింపి, మేం తెచ్చినది బిగించాడు. శాంత టీ పెట్టింది. ఇంత చోటులో ఇల్లంతా సర్దిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. ఒక్క వస్తువు వృథాగా లేదు. టీ సగం తాగేలోపు కాళ్ళ కింద ఎక్కడో గుర్రుమని చప్పుడైంది.

"అదేటి?"

"పంపండీ," అన్నారు విశ్వనాథంగారు. "చెక్క పడవ కదా, కొంచెం చెమరుస్తుంది. అడుగున నీళ్ళు చేరగానే ఒక బెండు పైకి తేలి స్విచ్చి వేస్తుంది. దానంతట అదే తోడి ఆగిపోతుంది."

"రోజులో ఎన్నిసార్లు?"

ఆయన శాంత వైపు చూశారు. శాంత అంది: "మొదట్లో రోజుకోసారి వినపడేది. ఇప్పుడు అలవాటైపోయి లెక్కపెట్టడం మానేశాను. అన్నం వార్చేలోపు రెండుసార్లు వస్తుంది."

"ఇంకేటి మరి! బ్యాటరీ పంపుకే సరిపోతంది. పంపు ఊరికే తిరగదు కదా బాబూ? నీళ్ళొస్తేనే కదా తిరుగుతుంది? ఆ నీళ్ళెక్కడివి?"

విశ్వనాథంగారి ముఖంలో నవ్వు పోయింది. చెక్క పడవ అంటే కొంత ఊరుతుంది అన్న నమ్మకంతో ఆయన ఆ వైపు ఆలోచించలేదు. లేచి దీపం తెచ్చారు. వెతికే ముందు కరెంటు ఆపుదామని స్విచ్చిబోర్డు తలుపు తీశారు. అది చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఎంత చక్కగా ఉందో! ఒక్కో దీపానికీ ఒక్కో ఫ్యూజు. ఎర్ర వైరు పక్కనే నల్ల వైరు, జంటలు జంటలుగా.

"ఇన్ని వైర్లెందుకు బాబూ? లారీలో ఒక్కో లైటుకి ఒక్క వైరే వేస్తాం."

"లారీ ఒళ్ళంతా ఇనుమండీ. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు లైటులోంచి పోయి, లారీ ఇనుములోంచే తిరిగి బ్యాటరీకి వచ్చేస్తుంది. మీరు దాన్నే ఎర్త్ అంటారు. ఇది చెక్క. చెక్కలోంచి కరెంటు తిరిగి రాదు. అందుకని వెళ్ళడానికి ఒక వైరు, రావడానికి ఒక వైరు."

నా వెనక సన్నిబాబు కదిలాడు.

"అయితే బాబూ, ఒక వైరేసి, రెండోది ఏ ఇనుముకో బిగిస్తే తిరగదు కదండీ?"

"తిరగదు."

"తిరిగిందండీ," అన్నాడు సన్నిబాబు.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అందరం దాని వైపు చూశాం.

"ఎర్త్ ఎక్కడిచ్చావు?" అన్నారు విశ్వనాథంగారు. గొంతు చాలా మెల్లగా ఉంది.

"తూము కిందండీ. అక్కడో లావుపాటి ఇత్తడి గొట్టముంటే, నున్నగా తోమి, దాని పట్టీకి బిగించేను. బిగించగానే తిరిగింది. సరిగ్గా ఉందనుకున్నాను."

శాంత వంటగదిలో అంట్లు కడిగే తొట్టి ఉంది. ఆ నీళ్ళు బయటికి పోవడానికి పడవ అడుగున, నీటిమట్టానికి కింద, ఒక ఇత్తడి గొట్టం చెక్కలోంచి బయటికి పోతుంది. దానికి కొళాయిలాంటి పిడి ఉంటుంది, అవసరమైతే మూసుకోవచ్చు. సీకాక్ అంటారట. ఆ గొట్టానికి అవతల ఏరే.

విశ్వనాథంగారు తొట్టి కింద సామాన్లు బయటికి లాగి దీపం పట్టారు. నేను వంగి చూశాను. గొట్టం చుట్టూ చెక్క తడిసి నల్లబడింది. సన్నటి నీటి ధార అడుగుకి జారుతోంది. గొట్టం ఎర్రగా ఉంది.

"ఇది రాగి గొట్టం కదా?" అన్నాను.

"కాదండీ, ఇత్తడి. నేనే కొన్నాను."

"ఇంట్లో ఇత్తడీ రాగీ తోముకునేదాన్ని, నాకా సెప్తారు? సూడండి, ఎలా ఎర్రబడిపోయిందో."

ఆయన కూడా తల లోపలికి పెట్టారు. "దాన్ని ముట్టుకోవద్దు," అన్నారు.

ఆ మాట సన్నిబాబుకి అందేలోపే అతని చెయ్యి వెళ్ళిపోయింది. తన వైరు వల్ల ఏదో తప్పు జరిగిందని అర్థమై, దాన్ని బేగి విప్పెయ్యాలన్న ఆత్రం. నట్టుకి స్పానర్ వేసి ఒక్క తిప్పు తిప్పాడు. నట్టు తిరగలేదు. గొట్టం తిరిగింది. పిడితో సహా ఊడి అతని చేతిలోకి వచ్చేసింది.

తర్వాత జరిగింది ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. పడవ అడుగులోంచి నా మణికట్టంత లావు నీటి ధార లేచి ఎదుటి చెక్కకి కొట్టింది. చప్పుడు కూడా పెద్దగా లేదు. ఆ నిశ్శబ్దానికే భయం వేసింది. ఏరు ఎంత ఉందో అంతా ఆ చిల్లులోంచి లోపలికి రావడానికి సిద్ధంగా ఉంది. సన్నిబాబు గొట్టం పట్టుకుని విగ్రహంలా ఉండిపోయాడు.

నేను భుజం మీది తువ్వాలు ఉండచుట్టి చిల్లులో కుక్కి రెండు చేతులతో నొక్కాను. ఎవరో అవతలి నుంచి గుప్పిటతో తోస్తున్నట్టుంది. చీరంతా తడిసిపోయింది. విశ్వనాథంగారు బిరడా కోసం ముందుకి పరిగెత్తారు. నాకు కాళ్ళ దగ్గర నీళ్ళు పెరగడం తెలుస్తోంది. బ్యాటరీ పెట్టె కింది బల్ల మీదే ఉంది.

"ఒరే సన్నిబాబూ! బ్యాటరీ పైకెక్కించు! ఉప్పునీళ్ళు పడ్డాయంటే విషపు గాలొస్తాది, మనం మునగక్కర్లేదు, ముందే పోతాం!"

ఆ కేకకి అతనిలో కదలిక వచ్చింది. వైర్లు ఊడబీకి, ఇద్దరు మోయాల్సిన బ్యాటరీని ఒక్కడే ఎత్తి పైకి తోసేశాడు.

బిరడాలు దొరికాయి గాని ఏదీ ఆ చిల్లుకి సరిపోలేదు. పెద్దవి దూరవు, చిన్నవి నీటి తాకిడికి వెనక్కి వచ్చేస్తున్నాయి. అప్పుడు శాంత వంటగది మేకు నుంచి పప్పుగుత్తి తీసింది. దాని పిడికి తన పాత చీర ముక్క బిగించి చుట్టి, "పిన్నీ, చేతులు తియ్యండి" అంది. నేను తీశాను. పిడి చిల్లులో పెట్టి, గుత్తి తల మీద పొత్రంతో కొట్టింది. ఇంట్లో మేకు కొట్టినట్టే, తొందర లేకుండా. నాలుగు దెబ్బలకి ధార సన్నబడింది. ఇంకొన్ని దెబ్బలకి చెమ్మగా మిగిలింది.

పైనుంచి నూకరాజు తల లోపలికి పెట్టాడు. "పోటు మీదుందమ్మా! నీరు దిగిపోకముందే బేగి తాడివ్వండి, బురదమీదికి ఎక్కించేద్దాం!" పోటు అంటే సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కే వేళ. మరో రెండు నావలవాళ్ళు వచ్చి, కేకలేసుకుంటూ పడవని ఒడ్డున బురద మీదికి లాగారు. నీరు దిగాక పడవ పక్కకి ఒరిగి కూర్చుంది. అప్పుడు గాని ఎవరం ఊపిరి పీల్చుకోలేదు.

ఒడ్డున ఇసకలో కూర్చుని ఆ గొట్టం చూశాం. పైకి లావుగానే ఉంది. విరిగిన చోట మాత్రం అప్పడం అంచులా పలచగా ఉంది. విశ్వనాథంగారు గోటితో నొక్కితే పొడి రాలింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఫ్యానులోంచి వచ్చిన కరెంటుకి బ్యాటరీకి తిరిగి వెళ్ళే వైరు లేదు. గొట్టంలోకి దిగింది. గొట్టం నుంచి ఏటి ఉప్పునీళ్ళలోకి దూకి, పడవ వెనక నీళ్ళలో తిరిగే ఇంజను చక్రం ఇనుము ఎక్కి, ఇంజను ద్వారా బ్యాటరీకి చేరింది. అలా నీళ్ళలోకి దూకేటప్పుడల్లా గొట్టం లోహాన్ని కాస్త కాస్త వెంట పట్టుకుపోయింది. ఇత్తడిలో కలిపిన జింకు ముందు పోయి, ఉత్త రాగి గుల్ల ఎర్రగా మిగిలిందట. ఫ్యాను వేసుకుని వాళ్ళిద్దరూ పడుకున్న ప్రతి రాత్రీ గొట్టం కరిగింది. గొట్టం కారితే నీళ్ళు చేరాయి, నీళ్ళు చేరితే పంపు తిరిగింది, పంపు తిరిగితే బ్యాటరీ పడుకుంది.

ఇది నాకు కొత్త సంగతి కాదు. మా షాపులో రోజూ చూసేదే. యాసిడ్ నీళ్ళలో రెండు లోహాలు, వాటి మధ్య కరెంటు. అదే కదా బ్యాటరీ! ఆ ఏరంతా ఒక సెల్ అయిపోయింది. శాంత వంటగది గొట్టం అందులో ఒక పలక. దాని పక్కనే కూర్చుని ఆ పిల్ల కూరలు తరుక్కుంది.

ఆ శుక్రవారం బయల్దేరాలని ముహూర్తం చూసుకున్నారట. బ్యాటరీ ఒక్కటి సరిగ్గా నిలబడి ఉంటే వెళ్ళిపోయేవాళ్ళే. ఆ గొట్టం సముద్రం మధ్యలో, ఇద్దరూ నిద్రలో ఉండగా ఊడేది. శాంత నా చెయ్యి పట్టుకుంది.

సన్నిబాబు దూరంగా నిలబడ్డాడు. "గరుకు కాయితం ఎట్టి తోమేనండీ. గ్రీజు రాసేను. నట్టు కింద వాషరు కూడా ఏసేను." తనని తాను కాపాడుకోవడానికి అనలేదు. అర్థంకాక అన్నాడు. విశ్వనాథంగారు అతన్ని తిడతారనుకున్నాను. ఆయన తల పట్టుకుని, "నేనూ నెలరోజులు ఆ ఫ్యాను కిందే పడుకున్నానయ్యా. దీనికి రెండో వైరేదని ఒక్కసారి తలెత్తి చూడలేదు" అన్నారు.

పడవని బాగుచేయడానికి రోజులు పట్టాయి. కొత్త గొట్టం విశాఖపట్నం నుంచి వచ్చింది. విశ్వనాథంగారు ఏటికొప్పాక వెళ్ళి, అక్కడ లక్క బొమ్మలు చేసే మెత్తటి కర్రతో ప్రతి చిల్లుకీ సరిపడే బిరడా చేయించారు. ఆ కర్ర నీళ్ళకి ఉబ్బి బిగుసుకుంటుందట. ఏ గొట్టం బిరడా ఆ గొట్టానికే తాడుతో కట్టారు. ఫ్యానుకి రెండు వైర్లు సన్నిబాబే వేశాడు. విశ్వనాథంగారు పక్కన కూర్చుని ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో అతని చేతే చెప్పించారు.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. కొండెక్కే బండికి లైట్లు బాగుచేస్తే, చేసినవాడు ఆ బండిలోనే ఘాటీ మొదటి మలుపుల దాకా వెళ్ళి, ఎదురొచ్చే బండెక్కి తిరిగి రావాలి. మావారు పెట్టిన నియమం.

"రేపు పడవని సముద్రంలోకి తీసుకెళ్ళి సూస్తారంట. నువ్వెక్కు," అన్నాను సన్నిబాబుతో.

"సముద్రమా అమ్మగోరు? నాను ఏరే సరిగ్గా సూళ్ళేదు."

"ఘాటీకో రూలు, సముద్రానికో రూలా? నేనూ ఎక్కుతాను."

ఎక్కాను. వైరు వేసింది అతనైతే, పంపింది నేను. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటగానే సన్నిబాబు కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చేశాడు. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. శాంత మాత్రం మెట్లు దిగి, ఒక్కో గొట్టం చుట్టూ చెయ్యి వేసి తడిమి వచ్చింది. ఫ్యాను తిరిగింది. పంపు చప్పుడు మళ్ళీ ఒడ్డు చేరేదాకా వినపడలేదు.

ఒడ్డుకొచ్చాక శాంత అడిగింది. "ఇప్పుడు చెప్పండి పిన్నీ. వెళ్ళమంటారా?"

"బ్యాటరీకి మాటిస్తాను. పడవకివ్వను. అది నా సేతిలో పని కాదు." హైడ్రోమీటర్ ఆమె చేతిలో పెట్టాను. షాపులో వాడుతున్నదే. "వారానికోసారి బెండు సూసుకో. గొట్టాలు రోజూ పొద్దున్నే తడుము. తడి తగిలిందా, మీ ఆయన పర్లేదన్నా, నేను పర్లేదన్నా వినకు. వెనక్కి తిరగండి."

"అలాగైతే వెళ్తాను," అంది.

వాళ్ళు వెళ్ళారు. మేష్టారు షాపుకి వచ్చి, పిల్ల క్షేమంగా చేరిందని చెప్పేవరకు నాకు అన్నం సయించలేదు.

ఈ పనిలో చెత్తగా చేసినవాడికి నేను ఎన్నడూ భయపడలేదు. వదులు నట్టు మొదటి గుంటలోనే ఊడుతుంది, లైటు ఆరిపోతుంది, వాణ్ణి తిట్టి మళ్ళీ చేయిస్తాం. సన్నిబాబు ఎర్త్ వదులుగా ఉండి ఉంటే ఆ ఫ్యాను తిరిగేదే కాదు, గొట్టానికి ఏమీ అయ్యేది కాదు. అతను ఎంత నున్నగా తోమి, ఎంత గట్టిగా బిగించాడో అంత వేగంగా అది కరిగింది. తప్పు చోట చేసిన మంచి పనిని ఎవరూ వెతకరు. అది నడుస్తున్నట్టే ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత షాపు నడిపినన్నాళ్ళూ, మాకు తెలియని రకం యంత్రం ఏది గుమ్మంలోకి వచ్చినా ముందు ఒకటే అడిగేదాన్ని: ఇందులో కరెంటు వెనక్కి ఏ దారిన వస్తుంది? వచ్చినవాళ్ళు చెప్పలేకపోతే, సన్నిబాబు చూసి చెప్పలేకపోతే, ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. కొందరు విసుక్కుని ఇంకో షాపుకి పోయేవారు. వచ్చిన బేరం వదులుకోవడం నాకు ఏనాడూ అలవాటు లేదు. అయినా పోనిచ్చాను.